కలకు నీతి యడుగరాదు

గత సంవత్సరము మన సంఘపు వార్షికోత్సవమున పిల్లలకు చూపదగిన చలనచిత్రము నొకదానిని సూచింపుడని కార్యవర్గము వారు సభ్యులను కోరిరి. నేనును ఒక చిత్రము పేరు చీటీపై వ్రాసి యిచ్చితిని. పది దినములకు ఆ చీటీ మరల నా చేతికి వచ్చెను. దాని అడుగున ఎర్రసిరాతో రెండు ప్రశ్నలుండెను. ఇందలి నీతి యేమి? మన సంస్కృతికిని దీనికిని సంబంధమేమి?

నేను బ్రతుకంతయు గుమాస్తాపని చేసినవాడను. ఎర్రసిరాతో వచ్చిన ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాయక కాగితమును కట్టలో పెట్టుట నాకు చేతకాని పని. కార్యవర్గము వారు మాత్రము నా యుత్తరమునకై వేచియుండలేదు. వేరొక చిత్రమును ప్రదర్శించిరి. అందు ఒక కుందేలు గంతులు వేయుచు, పెద్దలమాట వినవలెననియు, పండ్లు రెండుపూటల తోముకొనవలెననియు పాడెను. పెద్దలు చప్పట్లు కొట్టిరి. పిల్లలు ఆవరణలోనికి పోయి ఆడుకొనిరి. నేను వ్రాసియిచ్చిన చిత్రమునందును ఒక కుందేలు కలదు. అది పాడదు. దాని విషయమై ఆనాడు వ్రాయదలచిన యుత్తరమిది. కొంచెము పొడవైనందున సంచికకు పంపుచున్నాను.

ఆ చిత్రము పేరు చెక్ భాషలో ‘న్యెట్సో జ్ అలెంకి’. ‘ఆలిస్ కథలోనిదేదో కొంత’ యని చెప్పుకొనవచ్చును. ఇంగ్లీషు వారు దానిని ‘ఆలిస్’ అని మాత్రమే పిలుతురు. 1988లో విడుదలయైనది. దర్శకుడు యాన్ ష్వాంక్‌మయెర్. ఆయన 1934లో ప్రాగ్ నగరమున జన్మించి, అచ్చటనే బొమ్మలాటను శాస్త్రముగా అభ్యసించి, 1970లో చెక్ అధివాస్తవిక బృందమున చేరెను. అధివాస్తవికత యను మాట మనకు క్రొత్తది కాదు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు మొదలగు కవులు దానిని తెలుగున పూర్వమే పరిచయము చేసియున్నారు. ష్వాంక్‌మయెర్ ఆ త్రోవలో బొమ్మలను నడిపించెను. పదునైదు, ఇరువది నిమిషముల చిన్న చిత్రములు తీసి తీసి, ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఆయన తీసిన మొదటి పూర్తినిడివి చిత్రమిదియే. 1989లో ఫ్రాన్సునందలి ఆనెసీ చిత్రోత్సవమున దీర్ఘచిత్రములకిచ్చు బహుమానము దీనికి లభించెను.

కథ లూయీ కారల్ అను ఇంగ్లీషు రచయిత 1865లో ప్రకటించిన పుస్తకములోనిది. ఆ పుస్తకమును మన పిల్లలు బడిలో ముక్కలుగానైన చదివియుందురు. అందలి పచ్చిక బయళ్లును, గులాబితోటలును ఈ చిత్రమున వెదకినను కానరావు. పెచ్చులూడిన గోడలు గల పాత యిల్లు, సందులు, మెట్లు, నేలమాళిగ వంటి గదులు, ప్రతి గదిలోను ఒక పాత బల్ల. నేపథ్యసంగీతము లేదు. కత్తెర చప్పుడు, గడియారపు టిక్కుటిక్కు, తలుపు కిఱ్ఱుమనుట, ఇవియే సంగీతము. గాజుపెట్టెలో పొట్టు కూరి, కాళ్లకు మేకులు దిగగొట్టి నిలిపిన కుందేలు ఒకటి యుండును. అది యొకనాడు తన కాలి మేకులను తానే పెఱికికొని, అంగీ తొడిగికొని, కత్తెరతో గాజును పగులగొట్టి వెడలిపోవును. పాపము, దాని పొట్ట కుట్లు విడిపోయి యుండును. నడచినంతమేర రంపపుపొట్టు రాలుచుండును. గడియారము చూచుకొనవలెనన్న పొట్టలోనికి చేయి పెట్టి, పొట్టులోనుండి తీసి, దులిపి చూచుకొనును. ఆకలియైనచో గిన్నెలో రంపపుపొట్టు పోసికొని చెంచాతో తినును. కారిపోయినదానిని మరల నింపుకొనుచున్నదన్నమాట. ఇంతకంటె సరియైన లెక్క నేను కచేరిలో కూడ చూడలేదు.

ఆ కుందేలును వెంబడించి ఆలిస్ ఒక బల్లసొరుగులోనికి దూరును. ఇక్కడ నా స్వంతమాట నొకటి మనవి చేసికొందును. నేను దశాబ్దములు బల్లసొరుగుల నడుమ బ్రతికినవాడను. సొరుగు పట్టి లాగగానే గుబ్బ యూడి చేతిలోనికి వచ్చుట ఎట్టిదో నాకు తెలియును. ఈ చిత్రమున ఆ పిల్ల యే సొరుగును లాగినను గుబ్బ యూడివచ్చును, ఆమె వెనుకకు పడును. ఒకసారి కాదు, ప్రతిసారియును. సొరుగులో కొలబద్దలు, వృత్తలేఖినులు, కత్తెరలు, సిరాబుడ్లు. సిరా త్రాగినచో ఆ పిల్ల చిన్న పింగాణిబొమ్మ యగును. తినుబండారము కొఱికినచో మరల పిల్ల యగును. ఈ చిత్రకారుడు మా కచేరిలో ఎప్పుడో పని చేసియుండవలెనని నేను నా భార్యతో అంటిని. సగము పరిహాసము, సగము నిజము. పైకి జడముగా కనబడు వస్తువులు ఎవరును లేనప్పుడు ఏమి చేయుచుండునో యను అనుమానము నాకు ఉద్యోగములో నుండగా పలుమార్లు కలిగినది. ఎవరితోను చెప్పలేదు. చెప్పినచో సెలవు పెట్టుమందురు.

ఇంక మొదటి ప్రశ్న. నీతి యేమి?

నీతి లేదు. ఉన్నదని బొంకి కార్యవర్గము వారి యామోదము పొందుట నా కిష్టము లేదు. ఆలిస్ కథను తనకు పూర్వము చిత్రించినవారందరును దానిని నీతికథవలె చిత్రించిరనియు, అది నీతికథ కాదు, కల యనియు ష్వాంక్‌మయెర్ స్వయముగా చెప్పియున్నాడు. ఆయన చేసిన భేదము స్పష్టమైనది. నీతికథ చూపుడువ్రేలెత్తి బోధించును, మంచి చెడును గెలుచునని నమ్మించును. కలకు అట్టి బాధ్యత లేదు. మనలోపలి రహస్యమైన కోరిక ఏది కలదో దానిని అది సిగ్గు లేక, తర్కము లేక నెరవేర్చుకొనును. ఈ మాట చిత్రమంతట నిలిచియున్నది. ఆలిస్ మంచిపిల్లయు కాదు, చెడ్డపిల్లయు కాదు. మొదట వాగు ఒడ్డున అక్క ప్రక్కన కూర్చుండి నీటిలోనికి రాళ్లు విసరును; అక్క పుస్తకపు పుట త్రిప్పబోయినచో చేతిపై దెబ్బ తినును. చివర మేలుకొన్నప్పుడు పగిలిన గాజుపెట్టెలో కుందేలు ఇంకను లేదు. ఆ పెట్టె అడుగున దాచిన సొరుగులో కత్తెర దొరకును. కుందేలు వచ్చినచో దాని తల కత్తిరించినను కత్తిరింతునేమో యని ఆ పిల్ల తనలో అనుకొనును. అంతటితో చిత్రము ముగియును. దీనికి నీతి యెక్కడ తగిలింపవలెను?

మన యిండ్లలో తెల్లవారి లేచిన పిల్ల “నాకు కల వచ్చింది” అనినచో మనము రెండే పనులు చేయుదుము. “పిచ్చికల, పళ్లు తోముకో” అందుము. లేదా పాము కనబడినదా, ఏనుగు కనబడినదా యని స్వప్నశాస్త్రపు లెక్క వేసి ఫలితము చెప్పుదుము. మూడవది, అనగా ఊరక వినుట, మనకు తెలియదు. పిల్ల రెండుసార్లు చెప్పును, మూడవసారి మానుకొనును. ఆ తరువాత ఆమెకు కలలు రావని మనము అనుకొందుము.

దీనిపై పెద్దలొకరు నాతో వాదించిరి. ఆయన సంఘమునకు ఎంతయు సేవ చేసినవారు, పేరు వ్రాయను. “మనకు మాయాబజారు లేదా? దానిని చూపరాదా?” అనిరి. తప్పక చూపవలెను. 1957లో మదరాసు నగరపు వాహినీ స్టూడియోలో తయారైన ఆ చిత్రమును నేను ఎన్నిమార్లు చూచితినో లెక్కలేదు. అందును కంబళి తొక్కినవానిని త్రిప్పును, మంచము పండుకొన్నవానిని విసరివేయును, పాదరక్షలు కాళ్లను పట్టుకొని విడువవు, లడ్లు తమంతట తామే ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడును. చెప్పుడు, ఆ లడ్ల నీతి యేమి? ఏ పిల్లయైన అడిగినదా? మనమైన అడిగితిమా? మార్కస్ బార్ట్‌లీ కెమేరాతో చేసిన ఆ గారడికి మురిసిపోయితిమి, అంతియే. అయితే ఒక భేదము కలదు, దానిని దాచను. మాయాబజారున వస్తువులు ఘటోత్కచుని యాజ్ఞకు లోబడి కదలును. ఆయన వెనుక శ్రీకృష్ణుడు కలడు. కనుక మనకు ధైర్యము. ష్వాంక్‌మయెర్ వస్తువులకు ఏలిక లేడు. మేజోడు తనంతట తానే కట్టుడుపండ్లు పెట్టుకొని, గాజుకండ్లు తగిలించుకొని, గొంగళిపురుగై మాటలాడును. నిద్ర వచ్చినప్పుడు తన కండ్లను తానే సూదితో కుట్టుకొనును. అది ఎవరి యాజ్ఞ? ఎవరిదియు కాదు. మన పెద్దలకు కష్టముగా తోచినది ఇదియేనని నా అభిప్రాయము. నీతి లేకపోవుటకంటె యజమాని లేకపోవుట వారిని బాధించినది.

భయము మాట యొకటి చెప్పవలెను. ఈ చిత్రము పసివారికి కాదు. ముద్దమాంసము బల్లపై ప్రాకును, రొట్టెలోనుండి మేకులు మొలుచును, పుఱ్ఱెతలల జంతువులు బండి నెక్కి వచ్చును. ఎనిమిదేండ్ల మా మనుమరాలు ఆ పుఱ్ఱెలను చూచి నా పంచె చెఱగు పట్టుకొనెను. ఆ రాత్రి నాయనమ్మ ప్రక్కలో పండుకొనెను. ఐదేండ్లవారికి చూపుమని నేను చెప్పను. కాని భయము ఉన్నందున పిల్లలకు నిషేధింపవలెననువారు ఒక్కసారి తమ బాల్యమును తలచుకొనవలెను. 1947లో మదరాసున పుట్టిన ‘చందమామ’ను మన మెట్లు చదివితిమి? చెట్టుపై వ్రేలాడు శవమును భుజముపై వేసికొని అర్ధరాత్రి శ్మశానమున నడచు రాజును ప్రతినెల బొమ్మతో సహా చూచితిమి. శవము కథ చెప్పును, చివరకు ప్రశ్న వేయును, సమాధానము చెప్పగానే మరల చెట్టెక్కును. రాజు మరల పోవును. ఆ శవమును చూచి మనమెవరమును చెడిపోలేదు. ఆ నెల సంచిక ఆలస్యమైనచో టపాబంట్రోతును విసిగించితిమి.

ఇంటిలో చూచుటయందలి గుణదోషములను గూర్చి కొంచెము చెప్పుట అవసరము. ఇట్టి చిత్రములు మన యూళ్ల థియేటర్లకు రావు. డిస్కు మూలముననే మనకు అందును. అది మేలు. కాని డిస్కుతోపాటు చేతికి రిమోటు వచ్చును. అది కీడు. నా మిత్రుడొకడు, జమాఖర్చుల శాఖలో పని చేసి విశ్రాంతి పొందినవాడు, మా యింట ఈ చిత్రమును చూడ వచ్చెను. ఎలుక వచ్చి ఆలిస్ తలపై మేకులు దిగగొట్టి, జుట్టుతో మంట పెట్టి వంట చేయబోవు ఘట్టమున ఆపెను. “ఇదేమిటి?” “ఎలుక వంట చేయుచున్నది.” “తలమీద ఎందుకు?” “నీటిలో మరి పొడినేల లేదు.” కన్నీటితో గది నిండియున్నది కనుక అది నిజమే. ఆయనకు తృప్తి కలుగలేదు. వెనుకకు త్రిప్పెను, మరల చూచెను, మరల ఆపెను. గంటన్నరకు లోపల ముగియవలసిన చిత్రము మూడుగంటలు నడచెను. చివర ఆయన “ఏమియు అర్థము కాలేదు” అనెను. ఆపి ఆపి చూచినవాడు కలను చూడలేదు, ఆడిటు చేసినాడు. చిత్రారంభమున ఆలిస్ మనవైపు తిరిగి, కండ్లు మూసికొననిచో మీకేమియు కనబడదని హెచ్చరించును. ఆ హెచ్చరికను ఆయన రిమోటుతో దాటవేసియుండెను.

మరునాడు నేను మనుమరాలితో చూచునప్పుడు దీపము లార్పి, రిమోటును అటకపై పెట్టితిని.

ఇంక ముఖ్యమైన మాట. దీనికొరకే ఇంతదూరము వచ్చితిని. నాకు మొదట దొరికిన డిస్కులో ఇంగ్లీషు మాటలుండెను. పాత ప్రతులు పెక్కింటిలో ఇంగ్లీషు కంఠమే యుండెను. చెక్ మాటలతోడి ప్రతిని 2011లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు ప్రకటించిరి. మొదటి డిస్కును చూచుచుండగా మనుమరాలు “తాతా, ఆ పాప నోరొకటంటోంది, మాట ఇంకొకటొస్తోంది” అనెను. నేను “అన్ని డబ్బింగులూ అంతేనమ్మా” అని త్రోసివేసితిని. తరువాత ఆలోచించితిని. ఆ పిల్ల పట్టినది చిత్రపు గుండెకాయను.

ఎట్లనగా, ఈ చిత్రమున మాటలాడునది ఒక్కరే. క్రిస్టీనా కొహౌతోవా అను బాలిక. మనుష్యపాత్ర యామె యొక్కతెయే యని చెప్పవచ్చును. కుందేలు మాటలాడదు, రాణి మాటలాడదు, తలకఱ్ఱయైన టోపీవాడు మాటలాడడు. వారి మాటలనన్నింటిని ఆలిస్ చెప్పును. తెరనిండ ఆమె పెదవులు మాత్రము కనబడును. ఆ పెదవులు కుందేలు అనినది, రాణి అనినది పలికి, ఎవరనిరో కూడ తామే చెప్పును. నిద్రలో మనము చేయునది ఇదియే గదా! కలలో వచ్చిన వారందరికి మాటలు మన నాలుకయే యిచ్చును. చిత్రకారుడు దీనిని గ్రహించి తెరపై పెట్టెను. అట్టి పెదవులమీద మరియొక దేశపు మరియొక పిల్ల కంఠమును అతికించినచో మిగిలినదేమి? కల ఒకరిది, నాలుక ఇంకొకరిది. ఏ చిత్రమునకైనను డబ్బింగు కొంత హాని చేయును. దీనికి చేసినంత హాని వేరొకదానికి చేయదు.

మనబోటివారికి దీనిని విడమరచి చెప్ప నవసరము లేదు. మన పూర్వులు ఈ తమిళదేశమునకు వచ్చి ఎన్నియో తరములైనది. మన పిల్లలకు బడిలో తమిళము, ఇంగ్లీషు, వీధిలో తమిళము, తెలుగు ఇంటి గడపలోపల. వారు లెక్కలు ఏ భాషలో చేయుదురో మనకు తెలియును. తిట్టు ఏ భాషలో తిట్టుదురో తెలియును. కల ఏ భాషలో కందురో ఎవరైన అడిగితిరా? సంఘములో ప్రతి సంవత్సరము భాషాభిమానమును గూర్చి ఉపన్యాసములు జరుగును. వేమన పద్యముల పోటీ జరుగును. అవి జరుగవలసినవే. కాని పోటీలో పిల్ల యొప్పచెప్పునది మనము నేర్పినది. ఆమె తనంతట తాను తెలుగులో చెప్పునది ఏమైన కలదా, దానిని వినుటకు మనకు ఓపిక కలదా, నా వివాదమంతయు ఇక్కడ.

రెండవ డిస్కును మా మేనల్లుడు లండనునుండి తెచ్చెను. చెక్ మాటలు, అడుగున ఇంగ్లీషు అక్షరములు. నేను ఆ యక్షరములను చదివి మనుమరాలికి మెల్లగా తెలుగున చెప్పుచు కూర్చుంటిని. నీవు చేసినదియు డబ్బింగే గదా యని ఆక్షేపింపవచ్చును. కొంతవరకు నిజమే. కాని ఆ పాప గొంతు పైన వినబడుచునే యున్నది. నా మాట ప్రక్కన నడచినదేగాని దాని పీటపై కూర్చుండలేదు. పావుగంటయైన పిమ్మట మనుమరాలు నా మోకాలిపై తట్టి, “నువ్వు చెప్పొద్దు తాతా, నాకు తెలుస్తోంది” అనెను. నాకు కొంచెము చిన్నతనమైనది. నోరు మూసికొంటిని.

రెండవ ప్రశ్న, సంస్కృతి. చెక్ భాష మాటలాడువారు సుమారు ఒక కోటి. 2011 జనాభా లెక్కలలో మన దేశమున తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు ఎనిమిది కోట్లకు పైబడినవారు. సంఖ్యలో మనము పెద్దవారము. ఆ కోటిమంది భాష ఒకప్పుడు ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో జర్మను భాష క్రింద నణగియుండెను. కచేరిలో జర్మను, పెద్దచదువులో జర్మను. ఆ కాలమున ఊరూర తిరుగు బొమ్మలాటగాండ్రు కొయ్యబొమ్మలచేత చెక్ మాటలు పలికించిరి. వారిలో మాత్యే కొపెట్స్కీ (1775–1847) అను నాతని పేరు నేటికిని అచ్చటి పిల్లలకు తెలియును. 2016లో యునెస్కో వారు చెక్, స్లొవాక్ దేశముల బొమ్మలాటను మానవజాతి వారసత్వములలో చేర్చిరి. ష్వాంక్‌మయెర్ టోపీవాడు ఆ వంశపు కొయ్యబొమ్మయే. త్రాగిన తేనీరు బోలుగానున్న వీపులోనుండి కారిపోవుచుండ మరల మరల త్రాగుచుండును. తోలుబొమ్మలాటను వెలుగులో తెల్లవారులు చూచిన తాతలకు మనుమలము మనము. ఒక చిన్నభాష బొమ్మల మూలమున నిలిచిన కథ మనకు పరాయిది యెట్లగునో నాకు బోధపడలేదు.

మన సంఘమున చదువుకొన్న యువకుడొకడు మరియొక వాదము తెచ్చెను. ఇదంతయు కమ్యూనిస్టు ప్రభుత్వముపై గూఢముగా వ్రాసిన విమర్శ యనియు, అట్లు చెప్పినచో కార్యవర్గము వారు ఒప్పుకొందురనియు నాకు ఉపాయము చెప్పెను. ఆయన మాటలో సత్యము లేకపోలేదు. చివర న్యాయస్థానమున ఆలిస్ చేతికి ముందే వ్రాసిన కాగితము లిచ్చి అందున్నట్లు చదువుమందురు. 1952లో ప్రాగ్ నగరమున స్లాన్‌స్కీ మొదలగు పదునలుగురిపై జరిగిన విచారణలో నిందితులు తమ నేరాంగీకారములను కంఠస్థము చేసి యొప్పచెప్పిరి, పదునొకండుగురిని ఉరితీసిరి. అది తెలిసినవాడు ఆ దృశ్యమున నవ్వలేడు. ష్వాంక్‌మయెర్‌ను కూడ 1970 తరువాత కొన్నియేండ్లు చిత్రములు తీయనీయలేదు; ఈ చిత్రమునకు స్విట్జర్లాండు, బ్రిటను, జర్మనీలనుండి ధనము రావలసివచ్చెను. ఇదంతయు యథార్థము. అయినను కుందేలనగా ప్రభుత్వాధికారి, కత్తెరయనగా సెన్సారు అని పట్టిక వ్రాసికొని చూచినచో, 1989 నవంబరులో ఆ ప్రభుత్వము పడిపోయిన దినముననే ఈ చిత్రమును చెత్తబుట్టలో వేయవలసినది. వేయలేదు. ప్రాగ్ ఎక్కడనున్నదో తెలియని ఎనిమిదేండ్ల పిల్ల, పొట్టు కారుచున్న కుందేలును చూచి “దానికి నొప్పి లేదా?” అని యడిగెను. ఈ ప్రశ్న ఆ పట్టికలో ఏ గడిలో వ్రాయవలెను? నీతియడుగు పెద్దలును, రాజకీయమడుగు యువకుడును ఒకే పని చేయుచున్నారు. ఇద్దరును ఫైలుపై ‘విషయము’ అను పంక్తి నింపవలెనని చూచుచున్నారు. ఆ పంక్తి నింపుట నా ఉద్యోగము. నింపలేని కాగితములు కొన్ని యుండునని నేర్చుకొనుటకు నాకు పింఛను వచ్చువరకు పట్టినది.

నవరాత్రులలో మా యింట బొమ్మల కొలువు పెట్టుదుము. కోస్తావారు సంక్రాంతికి పెట్టుదురు. మనము ఈ దేశాచారముననుసరించి దసరాకు మార్చుకొంటిమి. అది కూడ సంస్కృతియే గదా, మారినదని ఎవరును వగవలేదు. ఏటికొకసారి పాతపంచెలలో చుట్టిన బొమ్మలను పెట్టెనుండి తీయుదుము. ముక్కు విరిగిన శెట్టిగారు, రంగు వెలిసిన దశావతారములు. ఈ యేడు చివరిమెట్టుపై నేనెరుగని బొమ్మ యొకటి కనబడెను. మనుమరాలి బడిమేజోడు. లోపల గుడ్డపీలికలు కూరి, రెండు చొక్కాబొత్తాములు కండ్లుగా కుట్టబడియున్నది. నా భార్య “దేవుళ్ల పక్కన మేజోడేమిటే!” అని తీయబోయెను. మనుమరాలు చేయి పట్టుకొని, “అది నిద్రపోయేటప్పుడు నేను కళ్లు కుడతాను నాయనమ్మా, అందాక చూడనీ” అనెను. ఆపైన ఆ మేజోడు రాత్రి తన కలలోనికి వచ్చి ఏమనెనో చెప్పసాగెను. నడుమ తమిళపు మాటలు పడినవి, బడి ఇంగ్లీషు మాట యొకటి పడినది, తక్కినదంతయు తెలుగే. నా భార్య వంటయింటికి పోవలసినది పోక, చేతిలో గరిటెతో నిలుచుండి చివరివరకు విన్నది. మేజోడు తొమ్మిది దినములును మెట్టుపైననే యున్నది. పేరంటమునకు వచ్చినవారు కొందరు దానికి కూడ కుంకుమ పెట్టిరి.

కార్యవర్గము వారు ఈ సంవత్సరము కూడ చిత్రముల పేర్లు కోరిరి. నేను మరల అదే పేరు వ్రాసితిని. ఇంటికొరకు అమ్మిన డిస్కును సభలో ప్రదర్శించుటకు హక్కుదారుల యనుమతి కావలెనని మాత్రము ఈసారి చీటీపై నేనే వ్రాసి యుంచితిని. ఆ కారణము చూపి త్రోసిపుచ్చినచో నాకు అభ్యంతరము లేదు, అది న్యాయమైన కారణము. అట్లయినచో ఎనిమిదేండ్లు నిండిన పిల్లలను శనివారము రాత్రి భోజనానంతరము మా యింటికి పంపుడు. ముందుగదిలో ఆరుగురికి చోటు కలదు. చాపలు పరచియుంచెదము. పెద్దలు కూడ రావచ్చును, రిమోటు అటకపై నుండును.